చంద్రుడున్న ప్రతి మాటా శుభాకాంక్ష కాదు: చైనా నడిశరత్తు పండగకు నాలుగక్షరాల పలుకుబడి ఎలా వాడాలి

సెప్టెంబరు దగ్గర పడుతుంటే ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. చైనాలో ఎంబీబీఎస్ చదివే పిల్లలు ప్రొఫెసరుగారికి ఏం రాయాలని అడుగుతారు. శ్రీసిటీలోనో కొంగరకలాన్‌లోనో తైవాన్ కంపెనీ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు మేనేజరుకు మూన్‌కేక్ డబ్బాతో పాటు ఒక మంచి మాట రాసివ్వాలనుకుంటారు. సింగపూర్‌లో కాపురం ఉండేవాళ్ళు పక్కింటి పెద్దావిడ తలుపు తట్టేముందు ఏమనాలో తెలుసుకోవాలనుకుంటారు. పండగలకు చైనావాళ్ళు నాలుగక్షరాల మాటలు చెప్పుకుంటారని అందరికీ తెలుసు. ఆ తర్వాత చేసే పనే ముంచుతుంది. యాప్‌లో 'చంద్రుడు' అని వెతికి, అర్థం అందంగా కనబడ్డ మొదటిదాన్ని పంపేస్తారు. చంద్రుడి పేరుతో ఉన్న పలుకుబడుల్లో పండక్కి పనికొచ్చేవి కొన్నే. మిగతావాటిలో విడాకులున్నాయి, హత్యలున్నాయి, వ్యర్థప్రయత్నాలున్నాయి.

ఈ పలుకుబడులను చైనీయులు 'ట్ఛెంగ్2 యు3' అంటారు. నాలుగే అక్షరాలు, కానీ వెనక కథో, పద్యమో ఉంటుంది. అక్షరాల అర్థాలు కూడితే మొత్తం అర్థం రాదు. 'కళ్ళు కాయలు కాచాయి' అన్నదాన్ని మాటకు మాట అనువదిస్తే ఎంత తెలుస్తుందో, వీటిలోనూ అంతే తెలుస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఫోన్‌లో చైనీస్ పిన్యిన్ కీబోర్డు (రోమన్ అక్షరాలు నొక్కితే చైనీస్ అక్షరాలు ఇచ్చేది). ఏ చైనీస్ నిఘంటువు యాప్ అయినా ఒకటి, చైనీస్‌లోనే వివరణ ఇచ్చేదైతే మేలు. కార్డు మీద చేత్తో రాసేట్టయితే గళ్ళ కాగితం, నల్ల పెన్ను. ఎర్ర పెన్ను వద్దు. ఎర్ర సిరాతో మనిషి పేరు రాయడం, ఉత్తరం రాయడం తెగతెంపులకు గుర్తుగా తీసుకుంటారు. ఎర్ర కాగితం మీద నల్ల సిరా, బంగారు సిరా మాత్రం నిక్షేపంగా వాడొచ్చు. తెల్ల కవరు మానండి, అది చావు ఇళ్ళలో ఇచ్చేది.

1. తేదీ సరిచూసుకోండి

పండగ చైనా చాంద్రమానంలో ఎనిమిదో నెల పదిహేనో రోజు. 2024లో సెప్టెంబరు 17న, 2025లో అక్టోబరు 6న వచ్చింది. 2026లో సెప్టెంబరు 25, 2027లో సెప్టెంబరు 15.

మన పంచాంగం చూసి భాద్రపద పున్నమి అని లెక్క కట్టేవాళ్ళున్నారు. చాలా ఏళ్ళు అది దగ్గరగానే వస్తుంది, కానీ నమ్ముకోకండి. అధికమాసం వాళ్ళకొక చోట, మనకొక చోట పడుతుంది. 2025లో వాళ్ళకు ఆరో నెల రెండుసార్లు వచ్చింది, అందుకని ఆ ఏడు పండగ మన ఆశ్వయుజ పున్నమికి జరిగింది. మనం చూసేది తిథిని, వాళ్ళు లెక్కపెట్టేది రోజుల్ని. అందువల్ల ఒక రోజు తేడా కూడా వస్తుంది. 2026లో పండగ 25న అయితే మన పున్నమి 26న.

పదిహేనో రోజు సాయంత్రం లోపల మాట అందాలి. ఆఫీసు వాళ్ళకైతే సెలవుకు ముందు పనిదినాన ఇవ్వండి.

2. పలికే తీరు పట్టుకోండి

ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక మేలుంది. చైనీస్‌లో అల్పప్రాణం, మహాప్రాణం తేడా ప్రాణంతో సమానం. మన లిపిలో ఆ తేడా ఉంది. అలాగే శ, ష రెండూ వాళ్ళకు వేరువేరు ధ్వనులు, మనకు అక్షరాలు సిద్ధంగా ఉన్నాయి. మాట్లాడేటప్పుడు మనం ఒత్తులు మింగేస్తాం గదా, అది మాత్రం మానుకోవాలి.

కింద అన్ని మాటలూ ఈ లెక్కన రాశాను. పక్కన చెప్పింది కీబోర్డులో నొక్కాల్సిన రోమన్ అక్షరం.

- ప అంటే 'బి', ప్హ అంటే 'పి'. త అంటే 'డి', థ అంటే 'టి'. క అంటే 'జి', ఖ అంటే 'కె'.
- చ అంటే 'జె' (చీమలో చ). ఛ అంటే 'క్యూ'. శ అంటే 'ఎక్స్'.
- ట్చ అంటే 'జెడ్‌హెచ్', ట్ఛ అంటే 'సీహెచ్', ష అంటే 'ఎస్‌హెచ్'. మూడింటికీ నాలుక కొన పైకి మడవాలి.
- త్స అంటే 'జెడ్'. చుక్క, చాప అన్నప్పుడు పలికే చ అదే. దాన్నే ఊపిరి ఒత్తి పలికితే త్స్హ, కీబోర్డులో 'సి'.
- యువె అంటే 'వై, యు, ఇ'. యువెన్ అంటే 'వై, యు, ఎ, ఎన్'.

అంకెలు స్వరాలు. 1 ఎత్తులో నిలకడగా సాగేది. 2 'ఆఁ?' అని అడిగినట్టు పైకి లేచేది. 3 గొంతు అడుగుకు దించేది. 4 'పో!' అని కసిరినట్టు కిందికి పడేది. స్వరం తప్పితే మాటే మారుతుంది. 'యువెన్2' అంటే గుండ్రన, 'యువెన్3' అంటే దూరం, 'యువెన్4' అంటే కోరిక గానీ కక్ష గానీ. పండగ మాటలన్నీ గుండ్రదనం చుట్టూ తిరుగుతాయి కాబట్టి, అన్నిటికన్నా ముందు ఈ ఒక్క అక్షరం రెండో స్వరం నోటికి పట్టించండి.

3. ఎవరికి చెబుతున్నారో ముందు తేల్చుకోండి

మాట వెతకడం దీని తర్వాతే. నిండు చంద్రుడంటే వాళ్ళకు కుటుంబమంతా ఒకచోట చేరడం. 'థువాన్2 యువెన్2' అంటే కలయిక, ఆ మాటలోనే గుండ్రదనం ఉంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న: ఆ మనిషి ఈ పండక్కి ఇంట్లో వాళ్ళ మధ్య ఉన్నారా, దూరంగా ఉన్నారా?

ఇంట్లో ఉన్నవాళ్ళకు కలయిక మాటలు. శ్రీసిటీలో ఒంటరిగా ఉండి పనిచేసే తైవాన్ ఇంజనీరుకు 'మీ కుటుంబమంతా ఒకచోట చేరాలి' అని రాస్తే మంచి మనసుతో రాసినా గుచ్చుకుంటుంది. అలాంటివారికి దూరాన్ని ఒప్పుకునే మాటలు వేరే ఉన్నాయి. ఇంట్లో ఆ ఏడాది ఎవరైనా పోయి ఉంటే చంద్రుణ్ణీ, కలయికనూ, 'సంతోషం' అన్న మాటనూ పక్కన పెట్టి 'ట్చు4 నిన్2 ఆన్1 ఖాంగ్1' (మీరు క్షేమంగా, ఆరోగ్యంగా ఉండాలి) అనండి. అంతకు మించి ఏమీ అనొద్దు.

గ్రహీత చైనీయులేనా అన్నదీ చూడండి. కొరియావాళ్ళకు ఇదే పున్నమి చూసొక్, వియత్నాంవాళ్ళకు పిల్లల లాంతర్ల పండగ. వాళ్ళకు చైనీస్ పలుకుబడి పంపడం సబబు కాదు.

4. మాట ఎంచుకోండి

కలిసి ఉన్నవాళ్ళకు:

'హువా1 హావ్3 యువె4 యువెన్2'. పువ్వు, మంచి, చంద్రుడు, గుండ్రన. పూలు విరబూసి, చంద్రుడు నిండుగా ఉన్నవేళ. అన్నీ అనుకూలించిన శుభసమయం అని భావం. పెళ్ళిళ్ళకు కూడా ఇదే రాస్తారు, అయినా ఈ పండక్కి ఎవరికి పంపినా తప్పులేదు. ఒక్కటే నేర్చుకునే ఓపిక ఉంటే ఇదే నేర్చుకోండి.

'హ2 చియా1 థువాన్2 యువెన్2'. ఇంటిల్లిపాదీ ఒకచోట కలవాలి. దీనికి జోడు 'హ2 చియా1 ఆన్1 ఖాంగ్1', ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉండాలి. రెండోది ఒంటరివారికి తప్ప అందరికీ సరిపోతుంది.

'రెన్2 యువె4 లియాంగ్3 యువెన్2'. మనిషి, చంద్రుడు, రెండూ, గుండ్రన. ఆకాశంలో చంద్రుడు నిండినట్టే ఇంట్లో మనుషులూ నిండుగా. ఈ పండక్కి ఇంతకన్నా అతికినట్టు కుదిరే నాలుగక్షరాలు లేవు.

'థియెన్1 లున్2 ట్చి1 ల4'. పిల్లాపాపలతో గడిపే సుఖం. మనవలున్న పెద్దవారికి. ఇది శుభాకాంక్ష రూపంలో నేరుగా నిలబడదు, 'అనుభవించండి' అనే 'శియాంగ్3 షొవ్4' ముందు చేర్చాలి.

దూరంగా ఉన్నవాళ్ళకు నాలుగక్షరాలు చాలవు, పద్యపాదాలే వాడతారు. అందరికీ తెలిసినది సుంగ్ కాలపు కవి సు షి రాసింది: 'తాన్4 యువెన్4 రెన్2 ట్ఛాంగ్2 చియు3, ఛియెన్1 లి3 కుంగ్4 ట్ఛాన్2 చ్యువెన్1'. మనుషులు చిరకాలం ఉండాలి, వెయ్యి 'లి'ల దూరాన ఉన్నా ఈ అందాల చంద్రుణ్ణి కలిసి చూడాలి అని. 1076లో ఆయన షాన్‌డాంగ్‌లోని మిచౌలో ఉద్యోగం చేస్తూ, ఏళ్ళ తరబడి చూడని తమ్ముణ్ణి తలుచుకుని ఈ పండగ రాత్రే రాశాడు. అందుకే ఇంటికి వెళ్ళలేని ఇంజనీరుకు ఇది చేరినట్టు మరేదీ చేరదు. 'ట్ఛాన్ చ్యువెన్' ఇక్కడ చంద్రుడికి కవులు పెట్టిన పేరు. అనువాద యాప్ దాన్ని అమ్మాయి పేరనుకుంటుంది, కంగారు పడకండి.

రెండోది తాంగ్ కాలపు కవి చాంగ్ చియులింగ్ పాదం: 'హాయ్3 షాంగ్4 షెంగ్1 మింగ్2 యువె4, థియెన్1 యా2 కుంగ్4 త్స్హి3 షి2'. సముద్రం మీద చంద్రుడు ఉదయిస్తున్నాడు, లోకపు అంచున ఉన్నవారూ మనమూ ఇదే క్షణాన్ని పంచుకుంటున్నాం. దూరాన ఉన్న స్నేహితులకు ఎంతో బాగుంటుంది.

వాతావరణం వర్ణిస్తూ ఉత్తరం మొదలుపెట్టాలంటే 'ఛియు1 కావ్1 ఛి4 షువాంగ్3' (శరదాకాశం ఎత్తుగా, గాలి హాయిగా), 'తాన్1 కుయ్4 ప్హియావ్1 శియాంగ్1' (కుయ్4, అంటే ఆస్మాంథస్ పూల సువాసన తేలి వస్తోంది), 'హావ్4 యువె4 తాంగ్1 ఖుంగ్1' (తెల్లని చంద్రుడు నడినెత్తిన) చాలు. ఇవి వర్ణనలు మాత్రమే, వీటి ముందు 'మీకు కావాలని కోరుతున్నాను' అని పెట్టకూడదు.

5. ఉచ్చుల జాబితాతో పోల్చండి

ఈ మెట్టు దాటేయకండి. ఒక చిన్న గుర్తు చెబుతాను: చంద్రుడు ఎక్కడున్నాడో చూడండి. ఆకాశంలో నిండుగా ఉంటే మంచిది. నీళ్ళలోనో అద్దంలోనో ఉంటే మంచిది కాదు. తరుగుతుంటే అసలే కాదు.

'చింగ్4 హువా1 షుయ్3 యువె4', అద్దంలో పువ్వు, నీటిలో చంద్రుడు. వినడానికి ఎంత బాగుందో! అర్థం మాత్రం అందని భ్రమ. మనకు 'అద్దంలో చందమామ' అంటే రామయ్య బాల్యం గుర్తొచ్చి ముద్దుగా అనిపిస్తుంది, అందుకే తెలుగువాళ్ళు దీన్ని తరచూ ఎంచుకుంటారు. చైనీయులకు 'మీ ఆశలు నిజం కావు' అన్నట్టుంటుంది.

'షుయ్3 ట్చుంగ్1 లావ్1 యువె4', నీళ్ళలోంచి చంద్రుణ్ణి తీయబోవడం. ఇసుక పిండి నూనె తీయబోవడం లాంటిది. బావిలో చంద్రుణ్ణి కాపాడబోయిన కోతుల కథ ఒకటి బౌద్ధుల్లో మహాసాంఘికులనే శాఖవారి వినయగ్రంథంలో ఉంది. అందులో కోతులు కాశీవి. ఆ గ్రంథం 5వ శతాబ్దంలో చైనీస్‌లోకి వెళ్ళింది. మన అమరావతి, నాగార్జునకొండల దగ్గర వర్ధిల్లిన శైల శాఖలు కూడా మహాసాంఘికుల కొమ్మలే.

'యువె4 యింగ్2 త్స2 ఖుయ్1', నిండిన చంద్రుడు తరుగుతాడు. ఇది హెచ్చరిక. ప్రమోషన్ వచ్చిన మేనేజరుకు పంపితే 'ఇక మీకు దిగడమే' అని చదువుకుంటారు.

'హువా1 త్స్హాన్2 యువె4 ఛ్యువె1', పువ్వు వాడి, చంద్రుడు అరిగి. మంచి మాటకు సరిగ్గా తలకిందులు, చెడిన ప్రేమకు వాడతారు. వెతుకుళ్ళలో 'హువా హావ్ యువె యువెన్' పక్కనే కనబడుతుంది, జాగ్రత్త.

'ప్హొ4 చింగ్4 ట్ఛుంగ్2 యువెన్2', పగిలిన అద్దం మళ్ళీ గుండ్రనైంది. యాప్ దీన్ని 'పునఃకలయిక' అని అనువదిస్తుంది. విడిపోయిన భార్యాభర్తలు తిరిగి కలిస్తేనే వాడేది. కాపురం చక్కగా ఉన్నవాళ్ళకు రాస్తే ఏమనుకుంటారో ఆలోచించండి.

'హువా1 ఛియెన్2 యువె4 శియా4', పూల ముందు, వెన్నెల కింద. ప్రేమికుల ఏకాంతం. ప్రొఫెసరుకు పంపకూడదు. 'యువె4 శియా4 లావ్3 రెన్2', వెన్నెల కింది ముసలాయన. కాళ్ళకు ఎర్రదారం కట్టి జంటలను కలిపే పెళ్ళిళ్ళ పేరయ్య ఆయన. పెద్దాయనను గౌరవించినట్టు ఉంటుందని తాతగారికి రాస్తే నవ్వులపాలవుతారు.

'యువె4 హెయ్1 ఫెంగ్1 కావ్1', చంద్రుడు లేని చీకటి, హోరుగాలి. హత్య జరిగే రాత్రికి పెట్టిన వర్ణన.

చంద్రుడు లేకుండా 'శరత్తు' అన్న మాటతోనూ ఉచ్చులున్నాయి. 'తువొ1 షి4 ట్చి1 ఛియు1' అంటే కష్టాలు చుట్టుముట్టిన కాలం. 'ఛియు1 హొవ్4 సువాన్4 ట్చాంగ్4', శరత్తు తర్వాత లెక్కలు చూడడం, అంటే అదను చూసి పగ తీర్చుకోవడం. అకౌంట్స్ విభాగానికి ఇది సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తే అక్కడే ఆగండి. 'వాంగ్4 ట్ఛువాన్1 ఛియు1 షుయ్3' అన్నది సరిగ్గా మన 'కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూడడం'. ఆ మాట ఎవరికి అనగలరో వాళ్ళకే అనండి.

రెండు మాటలు చెడ్డవి కాకపోయినా సందర్భం వేరు. 'ట్ఛాన్2 కుంగ్1 ట్చ2 కుయ్4', చంద్రలోకంలో కుయ్ కొమ్మ విరవడం, పరీక్షలో నెగ్గడం. పాతకాలపు రాష్ట్రస్థాయి పరీక్షలు ఎనిమిదో నెలలోనే, ఆ పూలు పూసేవేళే జరిగేవి. పరీక్ష రాసే పిల్లలకు చెప్పండి. 'ప్హింగ్2 ఫెన్1 ఛియు1 స4', శరదృతువు అందాన్ని చెరిసగం పంచుకోవడం. శరత్తు మూడు నెలల్లో నడిమిదాని నడిమి రోజు ఈ పండగే అయినా, ఈ మాట ఇప్పుడు బతికేది ఆటల వార్తల్లో, సమ ఉజ్జీలని చెప్పడానికి.

6. వాక్యం కట్టండి

క్రమం ఇది: పిలుపు, 'కోరుతున్నాను', పండగ పేరు, ఆ తర్వాత రెండు పలుకుబడులు. పిలుపులో ఇంటిపేరు ముందు, హోదా తర్వాత. మన 'వాంగ్ మాస్టారు' లాగే 'వాంగ్2 లావ్3 షి1'. మేనేజరైతే 'వాంగ్2 చింగ్1 లి3'. 'ని3' అంటే నువ్వు, 'నిన్2' అంటే మీరు. పెద్దవారికి 'నిన్' తప్పనిసరి.

మాస్టారికి, మేనేజరుకు: 'వాంగ్2 లావ్3 షి1, ట్చు4 నిన్2 ట్చుంగ్1 ఛియు1 చియె2 ఖువాయ్4 ల4, హువా1 హావ్3 యువె4 యువెన్2, హ2 చియా1 ఆన్1 ఖాంగ్1.' (వాంగ్ మాస్టారూ, మీకు నడిశరత్తు పండగ శుభాకాంక్షలు, పూలు పూసి వెన్నెల నిండాలి, ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉండాలి.)

దూరాన ఉన్న స్నేహితుడికి: 'ట్చుంగ్1 ఛియు1 ఖువాయ్4 ల4! తాన్4 యువెన్4 రెన్2 ట్ఛాంగ్2 చియు3, ఛియెన్1 లి3 కుంగ్4 ట్ఛాన్2 చ్యువెన్1.' పాదాలు రెండూ కలిపే పంపండి. మొదటి సగం ఒక్కటే పంపితే వాక్యం గాలిలో ఆగినట్టుంటుంది.

అక్టోబరు 1 జాతీయ దినోత్సవంతో పండగ కలిసొస్తే (2020లో అదే రోజు పడింది, 2025లో రెండూ కలిపి ఎనిమిది రోజుల సెలవిచ్చారు) చైనా ప్రధాన భూభాగం వాళ్ళకు 'షువాంగ్1 చియె2 ఖువాయ్4 ల4', జంట పండగల శుభాకాంక్షలు, అనొచ్చు. తైవాన్‌వాళ్ళకు అనకూడదు, అక్టోబరు 1 వాళ్ళ పండగ కాదు.

ఇక్కడ జరిగే తప్పులు:

పలుకుబడి ముందు 'చాలా' (హెన్3, ఫెయ్1 ట్ఛాంగ్2) తగిలించడం. నాలుగక్షరాల్లోనే నిండుదనం ఉంది, పైన 'చాలా' పెడితే అతకదు. మధ్యలో మరో అక్షరం దూర్చడమూ అంతే. వరుస మార్చకండి. కొన్నిటికి తారుమారు రూపాలు వాడుకలో ఉన్నా, ఏవి చెల్లుతాయో చెవికి తెలిసేదాకా మామూలు వరుసే క్షేమం.

ఒకే అక్షరంతో ముగిసే రెండు మాటలు పక్కపక్కన పెట్టడం ఇంకొకటి. 'యువె4 యువెన్2... థువాన్2 యువెన్2' అని రెండుసార్లు 'యువెన్' మోగితే పేలవంగా ఉంటుంది. పై నమూనాలో రెండోది 'ఆన్1 ఖాంగ్1' అందుకే పెట్టాను. మూడు నాలుగు పలుకుబడులు గుప్పించడం కూడా వద్దు. రెండు చాలు, అంతకు మించితే దుకాణంలో అచ్చు కార్డులా కనబడుతుంది.

7. అక్షరాలు రాబట్టండి

కీబోర్డులో నాలుగు మాటలూ ఆపకుండా, ఖాళీ ఇవ్వకుండా ఒకేసారి నొక్కండి. స్వరాల అంకెలు వద్దు. విడివిడిగా నొక్కితే ఒక్కో ధ్వనికి పదుల అక్షరాలు వచ్చి తప్పుది తగులుకుంటుంది. ఒకేసారి నొక్కితే మొత్తం పలుకుబడి మొదటి సూచనగా వస్తుంది. రాలేదంటే నొక్కింది తప్పయినా కావాలి, అలాంటి పలుకుబడి లేకనైనా పోవాలి.

చైనా, సింగపూర్‌వాళ్ళకు సరళ లిపి. తైవాన్, హాంకాంగ్, మకావ్‌వాళ్ళకు సంప్రదాయ లిపి. కీబోర్డు సెట్టింగులో ముందే మార్చుకోండి, ఒకే వాక్యంలో రెండూ కలిపితే వెంటనే కనబడిపోతుంది.

కంటితో చూసుకోవాల్సిన చోట్లు మూడు. గుండ్రనకు, తోటకు ఒకే ధ్వని, ఒకే స్వరం. రెండింటికీ చుట్టూ పెట్టె గీత ఉంటుంది. సరళ లిపిలో పెట్టె లోపల నాలుగే గీతలుంటే అది తోట, ఏడు గీతలుంటే గుండ్రన. రెండోది 'హ2 చియా1' లోని 'హ'. 'మరియు' అనే 'హ' ఇదే ధ్వని, ఇదే స్వరం. కావాల్సింది ద్వారం గీతల లోపల ఉన్న 'హ', లేదా 'కలిసిన' అనే 'హ'. ఆ రెండూ ఒప్పే, 'మరియు' తప్పు. మూడోది చంద్రుడి పేరులోని 'ట్ఛాన్'. కప్పకు కూడా అదే ధ్వని. ఎడమన స్త్రీ గుర్తుంటే చంద్రుడు, పురుగు గుర్తుంటే కప్ప.

చేత్తో రాస్తే 'హువా హావ్ యువె యువెన్' సరళ లిపిలో 7, 6, 4, 10, మొత్తం 27 గీతలు. చంద్రుడి అడుగు మూసేయకండి, మూస్తే 'కన్ను' అయిపోతుంది. గుండ్రన రాసేటప్పుడు పెట్టె అడుగుగీత అన్నిటికన్నా చివర వేయాలి: లోపలివాళ్ళు వచ్చాకే తలుపు మూయాలని పిల్లలకు నేర్పుతారు.

8. పంపేముందు సరిచూడండి

నిఘంటువులో మాట వెతికి, దాని వన్నె ఏమని ఉందో చూడండి. 'పావ్1 యి4' అంటే మెచ్చుకోలు, 'పియెన్3 యి4' అంటే నింద, 'ట్చుంగ్1 శింగ్4' అంటే తటస్థం. నింద అని ఉంటే వదిలేయండి. తటస్థమైతే కింది ఉదాహరణ వాక్యాలు చదివి, ఎవరు ఎవరితో అన్నారో చూసుకోండి.

అనువాద యాప్‌లో తిప్పి చూసుకోవడం పరీక్ష కాదు. అక్షరాల అర్థం అందంగా ఉన్న ఉచ్చులన్నీ ఆ పరీక్షలో నెగ్గుతాయి. 'పగిలిన అద్దం' నెగ్గింది గదా. దానికి బదులు అదే నాలుగక్షరాలను పండగ పేరుతో కలిపి చైనీస్‌లో వెతకండి. శుభాకాంక్షల కార్డులు వరుసగా కనబడితే సరైనదే. పోలీసు వార్తలో, విడాకుల కథలో కనబడితే కాదు.

నోటితో చెప్పేట్టయితే ఫోన్ చేత చదివించి, మీ గొంతు రికార్డు చేసి పక్కపక్కన వినండి. స్వరం కన్నా ముందు ఒత్తులు చూసుకోండి. 'థువాన్' బదులు 'తువాన్' అంటే 'తెగిన' అని వినబడే ప్రమాదం ఉంది, కలయిక పండక్కి అంతకన్నా చెడ్డ మాట లేదు. నోటి ముందు సన్న కాగితం పట్టుకుని చూడండి, 'థు' అన్నప్పుడు కదలాలి.

మాట్లాడుకోవడానికి మరో రెండు

మూన్‌కేక్ తింటూ కబుర్లాడేటప్పుడు సామెతలు పనికొస్తాయి. 'షి2 వు3 త యువె4 లియాంగ్ షి2 లియు4 యువెన్2', పదిహేను చంద్రుడు పదహారున గుండ్రన. అమావాస్య ఘడియ పడ్డ రోజునే వాళ్ళు ఒకటో తేదీ అంటారు, అక్కణ్ణుంచి నిండుపున్నమికి సగటున 14.77 రోజులు పడుతుంది, కాబట్టి పున్నమి తరచూ పదహారుకు జరుగుతుంది. 2025లో అలాగే జరిగింది. ఆ రాత్రి మబ్బు పడితే: 'పా1 యువె4 షి2 వు3 యున్2 ట్చ1 యువె4, ట్చెంగ్1 యువె4 షి2 వు3 శ్యువె3 తా3 తెంగ్1'. ఎనిమిదో నెల పదిహేనున మబ్బు చంద్రుణ్ణి కప్పితే, మొదటి నెల పదిహేనున మంచు దీపాల మీద కురుస్తుంది. మొదటి నెలను 'ట్చెంగ్1' అనాలి, మామూలుగా నాలుగో స్వరంలో పలికే అక్షరమే అయినా ఇక్కడ ఒకటో స్వరం.

కుందేలు సంగతి కూడా ఎత్తొచ్చు. వాళ్ళ చంద్రుడిలో మందు నూరే కుందేలుంది, మన చంద్రుడు శశాంకుడు. 7వ శతాబ్దంలో మన దేశానికొచ్చిన హ్యూయెన్ త్సాంగ్ ప్రాణమిచ్చి చంద్రుడిలో చేరిన కుందేలు కథను వారణాసి ప్రాంతపు విశేషంగా రాసుకున్నాడు. చంద్రుడి మీదికి చైనా పంపిన 'చాంగే' నౌకల పేరు 'ట్ఛాంగ్2 అ2 పెన్1 యువె4' (చంద్రదేవత చాంగే చంద్రుడికి పారిపోవడం) లోనిదే, రోవరు పేరు 'యు4 థు4', పచ్చరాయి కుందేలు. చంద్రయాన్ చూసినవాళ్ళకు ఇంతకన్నా మంచి కబురు అక్కర్లేదు.

జవాబు, దిద్దుబాటు

వాళ్ళే ముందు శుభాకాంక్షలు చెబితే 'థుంగ్2 ల4' (మీకూ అదే సంతోషం) అంటే చాలు. చేతిలో ఏ పలుకుబడీ సిద్ధంగా లేనప్పుడు కొత్తది ఎత్తుకోకండి.

తప్పుది పంపేశారనుకోండి, వీచాట్‌లో రెండు నిమిషాల లోపు వెనక్కి తీసుకోవచ్చు. ఆ సమయం దాటితే దాచే ప్రయత్నం చేయకుండా 'తుయ్4 పు ఛి3, యుంగ్4 త్స్హువొ4 ట్ఛెంగ్2 యు3 ల' (క్షమించండి, పలుకుబడి తప్పు వాడాను) అని రాసి, వెంటనే కింద 'హువా1 హావ్3 యువె4 యువెన్2' పంపండి.